మా తాత విప్పి చూడని ఇంజిన్

మా తాతకి ఇంజిన్ చప్పుడు వినబడితే చాలు, జబ్బేమిటో చెప్పేస్తాడు. బండి ఇంకా వీధి మలుపు తిరగకముందే షెడ్డులో స్టూలు మీద కూర్చుని "రెండో ప్లగ్గు కొట్టడం లేదు" అంటాడు. బండి వచ్చి ఆగుతుంది. "ఎందుకో లాగడం లేదండీ" అంటాడు దాని ఓనరు, పాపం ఎంతో ఆలోచించుకుని వచ్చినవాడిలా. "రెండో ప్లగ్గు" అంటాడు తాత, లేవకుండానే. విప్పితే నిజంగానే రెండో ప్లగ్గే.

ఇలా యాభై ఏళ్ళు జరిగింది. చెప్పిందల్లా నిజమయ్యే మనిషితో కాపురం ఎలా ఉంటుందో మా నాయనమ్మకి తెలుసు. కూరలో ఉప్పు తక్కువైందో లేదో కూడా తాత మూత తీయకుండానే చెప్పేవాడు.

"రుచి చూసి చెప్పండి" అనేది నాయనమ్మ.

"చూడక్కర్లేదు."

ఉప్పు విషయంలో చాలాసార్లు తప్పేవాడు. కానీ కూర చెడితే మనుషులు చావరు కదా, ఆవిడ ఊరుకునేది.

నేను పదో తరగతి మూడుసార్లు రాసి, పేపర్లు దిద్దేవాళ్ళకి మూడేళ్ళు పని కల్పించిన పుణ్యాత్మురాలిని. ఈ బిరుదు తాత ఇచ్చిందే. ఇప్పుడు సరుకుల ఆటో నడుపుతున్నాను. ఆదివారాలు షెడ్డులో తాతకి చెయ్యందిస్తాను. అందుకే ఆ కారు విప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. లేకపోతే బాగుండేది.

ఆ కారు షెడ్డు వెనక రేకుల కింద, టార్పాలిన్ కప్పుకుని ఇరవై రెండేళ్ళు పడుకుంది. గుండ్రటి వీపు, కప్ప మూతి. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే తప్ప లేవని కాలం నాటిది. దాన్ని తాత, నాయనమ్మ తమ్ముడు కలిసి పాత ఇనుముకి పోబోతుంటే ఆపి తెచ్చుకున్నారు. నాయనమ్మ తమ్ముణ్ణి నేను చిన్నతాత అంటాను. తాత బాగుచేశాడు, చిన్నతాత టాక్సీగా నడిపాడు. పెళ్ళికూతుళ్ళని, ఆసుపత్రికి వెళ్ళే గర్భిణులని ఆ కారే మోసింది. చిన్నతాత దాన్ని రోజూ తుడిచిన తుడుపుకి రంగు పోయి లోపలి రేకు కనబడేదట.

ఒకసారి తాత ఆ ఇంజిన్ మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు. మర్నాడే మనుషుల్ని ఎక్కించుకుని వెళ్తుంటే దారిలో ఇంజిన్ బిగుసుకుపోయి పట్టేసింది. తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు. తాత చూడనైనా చూడలేదు.

"నూనె లేకుండా నడిపావు" అన్నాడు.

"బావా, నూనె పోశాను. నూనె కొలిచే పుల్ల తీసి చూడు, నిండుగా ఉంది."

"పట్టేశాక పోసి చూపిస్తున్నావు."

"ఒక్కసారి విప్పి చూడు బావా."

"విప్పక్కర్లేదు. నాకు తెలుసు."

ఆ మాట నలుగురి ముందు అన్నాడు. మా తాత మాట అంటే ఆ వీధిలో ఇంక తిరుగులేదు. వారం తిరక్కుండానే చిన్నతాతకి 'ఎండు డ్రైవరు' అని పేరు పడింది. నూనె చూసుకోని డ్రైవరుకి బండి ఎవరిస్తారు? ఆయన గోదాములో బస్తాలు మోసే పనిలో చేరాడు. మా ఇంటికి రావడం మానేశాడు. నాయనమ్మే అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేది. వచ్చాక తాతతో రెండు రోజులు మాట్లాడేది కాదు, మూడో రోజు మాట్లాడేది.

పోయిన ఏడాది నాయనమ్మ మంచం పట్టింది. చివర్లో తాతని పిలిచి ఒకటే కోరింది.

"ఏమండీ, ఆ కారు నడిచేలా చేయండి. మా తమ్ముడి చేత ఒక్కసారి నడిపించండి. వాడు నూనె చూసుకోకపోతే పోనీండి, చిన్నవాడు, ఏదో మరిచిపోయి ఉంటాడు. ఇరవై రెండేళ్ళు చాలదా?"

"సరే" అన్నాడు తాత. కాపురం మొత్తంలో వాదించకుండా సరే అన్నది అదొక్కసారేనేమో. నాలుగో రోజు ఆవిడ పోయింది. చిన్నతాత వచ్చి గేటు దగ్గరే నిలబడి, అక్కణ్ణించే చూసి వెళ్ళిపోయాడు.

నెల తిరిగాక తాత టార్పాలిన్ లాగేశాడు. లోపల ఎలుకలు మూడు తరాలుగా సంసారం చేస్తున్నాయి. సీటులో కొబ్బరిపీచంతా ఒక మూలకి చేర్చి పరుపులు వేసుకున్నాయి.

"చూడవే, నీకంటే బాగా స్థిరపడ్డాయి" అన్నాడు తాత.

"వాటికి పదో తరగతి లేదుగా."

ప్లగ్గులు తీసి ఆ కన్నాల్లో కిరసనాయిలు పోసి పది రోజులు నానబెట్టాం. హ్యాండిల్ పెట్టి ఇద్దరం ఊగినా ఇంజిన్ వెంట్రుకవాసి కదల్లేదు. ఇంక విప్పక తప్పలేదు. అప్పటికీ తాత పాట అదే: "నూనె లేక బేరింగులు కాలిపోయాయి. చూడక్కర్లేదు, నాకు తెలుసు." నిజమే, బేరింగులు కాలి నల్లగా అయ్యాయి. నూనె లేక కాలాయన్నదీ నిజమే. తాత తలెగరేసి నా వైపు చూశాడు.

ఆ తర్వాత ఆయిల్ పంపు విప్పాడు. నూనెని ఇంజిన్ అంతటికీ తోసేది అదే. పంపుకీ ఇంజిన్‌కీ మధ్య నూనె కారకుండా అట్ట గ్యాస్కెట్ ఒకటుంటుంది. అది నా చేతికిచ్చాడు. గుడ్డతో తుడిచి చూస్తే దాని మీద అంకెలు.

"తాతా! నీ ఇంజిన్‌లో ఎక్కాలున్నాయి. ఏడో ఎక్కం! ఇక్కడ దాక్కుందా ఇది, అందుకే నాకు రాలేదు."

నేను నవ్వుతున్నాను. తాత నవ్వడం లేదు. ఆ గ్యాస్కెట్ ఆయన చేత్తో చేసిందే. అప్పట్లో గ్యాస్కెట్ దొరక్కపోతే అట్టని ఇనుము మీద పరిచి, అంచుల వెంట సుత్తితో చిన్నచిన్న దెబ్బలు కొట్టేవారు. అట్ట ఆ ఆకారానికి తెగేది, కన్నాల దగ్గర బిళ్ళలు ఊడి పడేవి. ఆ రోజు షాపు మూసి ఉంటే అప్పుడు స్కూలుకెళ్తున్న మా అత్త నోట్‌బుక్ అట్ట చించి వేశాడు. అట్ట ఎలుక కొరికేసిందని అత్త టీచరుతో చెప్పిందట కూడా.

ఆ గ్యాస్కెట్‌కి ఉన్న నూనె కన్నంలో బిళ్ళ పూర్తిగా ఊడలేదు. ఒక అంచున అంటుకుని ఉంది. తాత మేకు మొనతో దాన్ని తోశాడు. తలుపు రెక్కలా తెరుచుకుంది. మళ్ళీ తోశాడు. మూసుకుంది. నూనెలో నాని మెత్తబడి, రెండో రోజు దారిలో అది వెళ్ళి నూనె దారికి అడ్డం పడింది. కింద నూనె నిండుగా ఉంది. పైకి ఒక్క చుక్క వెళ్ళలేదు.

ఆ బిళ్ళని తెరుస్తూ, మూస్తూ తాత ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలియదు. నేను రెండుసార్లు పిలిచాను.

"తాతా, దీన్ని పొయ్యిలో పడేద్దామా? నేనెవరికీ చెప్పను."

"నాకు తెలుసుగా" అన్నాడు. యాభై ఏళ్ళుగా అంటున్న మాటే. ఈసారి వేరేగా వినబడింది.

ఆ సాయంత్రం నా ఆటోలోనే గోదాముకి వెళ్ళాం. చిన్నతాత ఇప్పుడు బస్తాలు మోయడం లేదు, కాపలా ఉంటున్నాడు. గోదాము వెనక నీడలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తాత జేబులోంచి గ్యాస్కెట్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. చొక్కా జేబు నూనెతో నల్లగా అయింది. ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. చిన్నతాత డ్రైవరు, ఒక్క చూపులో అర్థమైంది.

"ఇది అక్క చూసిందా?"

"లేదు. కారు నీ చేత నడిపించమని చివర్లో అడిగింది. తను పోయాకే విప్పాను."

"ముందు విప్పాల్సింది."

"అవును."

"ఆ రోజు నేను విప్పమన్నాను. నువ్వేమన్నావు?"

తాత జేబు మీది నూనె మరక తుడవబోయాడు.

"చెప్పు బావా. నీ నోటితో విందామని."

"విప్పక్కర్లేదు అన్నాను."

చిన్నతాత గ్యాస్కెట్‌ని తిరిగి ఇచ్చేశాడు. "నన్ను నలుగురి ముందు అన్నావు. ఇప్పుడు ఇలా గోదాము వెనకకొచ్చి చెవిలో చెబితే సరిపోతుందా?"

"ఆ నలుగురిలో ఇద్దరు పోయారురా. ఒకడు ఎటు వెళ్ళాడో తెలియదు. లేత్ వర్క్‌షాపు పెద్దాయన ఒక్కడే మిగిలాడు."

"అయితే ఆయన ముందు చెప్పు. కారు స్టార్ట్ చేసి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టి చెప్పు. అప్పుడు వస్తాను. అక్క అడిగిందంటున్నావు కాబట్టి నడుపుతాను."

తాత రెండు నెలలు పని చేశాడు. లేత్ పెద్దాయన వర్క్‌షాపులో, ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు, క్రాంకు, సాన పట్టించాడు. కొత్త బేరింగులు, కొత్త రింగులు వేశాడు. గ్యాస్కెట్లు కొన్నవే వేశాడు. వేసే ముందు ప్రతి కన్నంలోంచీ నన్ను ఆకాశం చూడమనేవాడు.

"కనబడుతోందా?"

"కనబడుతోంది. ఒక కాకి కూడా."

"మళ్ళీ చూడు."

బిగించినవాటిని మళ్ళీ విప్పి చూసేవాడు. ఒక నట్టు బిగించడానికి అరపూట పట్టేది. నాకు విసుగొచ్చేది, నోరు మూసుకున్నాను. నా నోరు మూతపడిన సందర్భాలు తక్కువ, ఇది రాసి పెట్టుకోవచ్చు.

పనయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే లేత్ పెద్దాయన్ని కుర్చీతో సహా తెచ్చి కారు పక్కన కూర్చోబెట్టాం. చిన్నతాత ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, కుంటుకుంటూ వచ్చాడు. పెట్రోలు ట్యాంకు తుప్పు పట్టిపోయింది, అందుకని సీసాలో పోసి పైన వేలాడదీశాం. హ్యాండిల్ నేను తిప్పాను. ఒకసారి దగ్గింది. ఇంకోసారి తిప్పితే ఎదురు తన్ని నా మణికట్టు అదిరింది. నాలుగోసారి అందుకుంది. వెనక గొట్టంలోంచి ముందు పొగ, ఆ వెనక కొబ్బరిపీచు, ఆపైన ఎవరో ఎలుకగారి సామాను ఎగిరి పడ్డాయి. పక్క షెడ్ల కుర్రాళ్ళు ఈలలు వేశారు. తర్వాత ఇంజిన్ సర్దుకుని, బియ్యం చెరుగుతున్నట్టు మెత్తగా ఆడింది.

తాత లేత్ పెద్దాయన దగ్గరికి వంగాడు. అందరికీ వినబడేలా అన్నాడు. "ఆ రోజు ఈ కారు పట్టేసింది చూడు. తప్పు మా బావమరిదిది కాదు. నాది. గ్యాస్కెట్ నేను తప్పుగా కోశాను."

"ఏ రోజు?" అన్నాడు పెద్దాయన.

"ఇరవై రెండేళ్ళ కిందట. నూనె పోయలేదని వాణ్ణి ఇక్కడే తిట్టాను కదా, నువ్వూ ఉన్నావు."

"నాకేం గుర్తుంటుందయ్యా! షెడ్డన్నాక రోజుకో గొడవ. ఇంతకీ నేను సాన పట్టిన క్రాంకు ఎలా ఉంది?"

చిన్నతాత నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు. "ఈయన కంటబడకూడదని ఇరవై రెండేళ్ళు పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి వెళ్ళాను బావా" అన్నాడు.

తాత కారు తలుపు తీసి పట్టుకున్నాడు. చిన్నతాత సీటులో కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు వేయగానే, ఒక్క క్షణం, పెళ్ళికూతుళ్ళని మోసిన మనిషి ఎలా ఉండేవాడో నేనూ చూశాను. కానీ కుడి కాలు లోపలికి రాలేదు. బస్తాలు మోసి మోసి ఆ మోకాలు మడత పడటం మానేసింది. చేత్తో ఎత్తి పెట్టుకున్నాడు. బ్రేకు మీదికి వెళ్ళలేదు. మళ్ళీ ఎత్తాడు. తాత వంగి ఆ కాలు పట్టుకోబోతే వద్దన్నాడు.

"నీ ఇంజిన్ బాగుంది బావా. నా కాలే పట్టేసింది."

దిగిపోయాడు. తాత తలుపు మూశాడు.

ఆయన్ని నా ఆటోలో దింపడానికి వెళ్ళాను. సగం దారిలో అడిగాడు, "అక్క నా గురించి చివర్లో ఏమందే?"

నేను అబద్ధాలు బాగా ఆడతాను. ఆ రోజు ఒకటైనా నోటికి రాలేదు. నాయనమ్మ అన్నది అన్నట్టే చెప్పాను.

"అంటే క్షమించిందన్నమాట" అన్నాడు. కొంతదూరం పోయాక మళ్ళీ అన్నాడు, "చెయ్యని తప్పుకి."

గోదాము గేటు దగ్గర దిగి, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

నేను తిరిగి వచ్చేసరికి కుర్రాళ్ళు వెళ్ళిపోయారు. ఇంజిన్ ఇంకా ఆడుతోంది. తాత దాని ముందు నిలబడి ఉన్నాడు. సీసాలో పెట్రోలు అయిపోయి ఇంజిన్ రెండుసార్లు కుదిపి దానంతటదే ఆగింది.

"మళ్ళీ వస్తాడా?" అన్నాడు.

"నేనడగలేదు. నువ్వే అడుగు తాతా."

అప్పట్నించీ తాత ప్రతి ఆదివారం గోదాముకి నడిచి వెళ్తున్నాడు. ఆటో ఎక్కమంటే వినడు. కొన్నిసార్లు చిన్నతాత గేటులోని చిన్న తలుపు తీస్తాడు, కొన్నిసార్లు తీయడు. తీయని రోజు తాత కాసేపు అక్కడే నిలబడి, నడుచుకుంటూ వచ్చేస్తాడు. కారుని ఎవరూ నడపలేదు. నేను నడుపుతానంటే తాత తిట్టాడు.

మొన్న చిన్నతాత తలుపు తీశాడట. ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

"మోకాలికి ఏం రాస్తున్నావురా అని అడిగాను."

"ఏమన్నాడు?"

"ఏమీ రాయడం లేదట" అన్నాడు తాత.