పెనం ముందు మార్లిస్

ఆ ఆదివారం ఉదయం ఫైర్ స్టేషన్ హాల్లో మార్లిస్ హ్రుష్కా కోసం పాన్‌కేక్‌ల విందు పెట్టారు. మా నెబ్రాస్కా పల్లెల్లో ఎవరి ఆసుపత్రి ఖర్చుకైనా ఇదే పద్ధతి. తిన్నవాళ్లు తోచినంత డబ్బాలో వేస్తారు. విందు ఎవరి కోసమో వాళ్లు గుమ్మం దగ్గర కూర్చుని అందరికీ థాంక్స్ చెప్పాలి. మార్లిస్ మాత్రం ఏప్రన్ కట్టుకుని వంటగదిలో పెనం ముందు నిలబడింది.

ఒక్క కుర్చీతో సెలూన్ నడుపుకునే ఆమెకు బీమా ఉంది. పదకొండేళ్లుగా నెలనెలా కడుతోంది. కానీ ఏటా మొదటి తొమ్మిది వేల డాలర్లు తను పెట్టుకున్నాకే కంపెనీ డబ్బు విదిలిస్తుంది. ఆమె పిత్తాశయం ఆపరేషన్ బిల్లు ఆ గీత దాటలేదు, మొత్తం ఆమె మీదే పడింది.

పక్క ఊరి విత్తనాల వ్యాపారి రాయ్స్ పళ్లెం చాపాడు.

"నువ్వు లేకుండా ఈ పెనం వేడెక్కదు కదా! ఇవాళ ఎవరికొచ్చింది కష్టం?"

"ఎవరో... ఉత్తరం వైపు ఉండే ఆవిడ," అంది తల ఎత్తకుండా.

"బీమా తీసుకోలేదా? ఇలాంటోళ్లంతా చివరికి మన నెత్తినే పడతారు."

"తీసుకోలేదేమో," అంది మార్లిస్.

అప్పుడే మైకులో ఫైర్ చీఫ్ గొంతు వినిపించింది. "మార్లిస్, వంటింట్లో దాక్కున్నది చాలు, బయటికి రా తల్లీ! ఈ విందు నీ కోసమే!"

రాయ్స్ చెవులు ఎర్రబడ్డాయి. "మార్లిస్, నేను..."

"సిరప్ ఆ బల్ల మీదుంది," అంది ఆమె. ఏప్రన్ విప్పి, వెళ్లి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. వెళ్లిపోతున్న రాయ్స్‌కీ థాంక్స్ చెప్పింది.

డబ్బాలో 2,310 డాలర్లు వచ్చాయి. బిల్లు 8,640.