గునుగు కోసం వెళ్లిన బాపు

మొన్న సద్దుల బతుకమ్మ నాడు, గోడాదరాలోని మా ఇంటికి రంగులద్దిన గునుగు కట్టలు పొద్దున్నే పార్సిల్‌లో వచ్చేశాయి. కోడలు సంబరంగా తాంబాళం పక్కన పెట్టింది. నాకు మాత్రం వాటిని చూడగానే దిగులు పట్టుకుంది. ఇదేం చాదస్తమో అనుకోకండి. మీరూ నా ఈడువాళ్లే అయితే, వానలు వెనకబట్టి, తూనీగలు తలల మీద తిరుగుతూ, గట్ల వెంట గునుగు తెల్లగా విచ్చుకునే రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

అప్పట్లో, బతుకుదెరువుకు గుజరాత్ వచ్చి, మేం బమ్రోలిలో ఒక్క గదిలో ఉండేవాళ్లం. బాపు మరమగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. బంతిపూలు బజార్లో దొరికేవి గానీ, గునుగు కావాలంటే ఉన్ అనే ఊరి వైపు చేన్లకు పోవాల్సిందే. ఏటా సద్దుల నాడు పని దిగి, సైకిలేసుకుని వెళ్లి కోసుకొచ్చేవాడు.

ఆ ఏడు మధ్యాహ్నం వెళ్లినవాడు పొద్దు వాలినా రాలేదు. పోయిందనుకున్న వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. దారిలో ఖాడీ ఉంది, ఆ వాగు పొంగిందంటే లారీలే ఆగిపోతాయి. అమ్మ అప్పటికే గుమ్మడాకులు పరిచి, బంతిపూలు రెండు వరసలు పేర్చేసింది. సగం పేర్చిన బతుకమ్మను వదిలి లేవకూడదని ఆమె పట్టింపు. లేచి వెతకబోలేదు, నిమ్మళంగా కూర్చోనూ లేదు. మలీద ముద్దలు ఎదురుగా ఉన్నా మాకు ఆకలి చచ్చిపోయింది. వాన వెలిసి, వీధి చివర గర్బా డోలు మొదలైనా బాపు జాడ లేకపోయేసరికి నాకు ఏడుపొచ్చింది.

పక్కింటి గుజరాతీ పెద్దావిడను అందరం బా అని పిలిచేవాళ్లం. ఆవిడ తన పూజకు తెచ్చుకున్న పూలబుట్ట అమ్మ ముందు పెట్టి, వీటితో ముగించెయ్యమని సైగ చేసింది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నై బా, జర ఆగుత. ఆయన తెస్తడు."

ఆ పూలతో ముగిస్తే, బాపు ఇక రాడని ఒప్పుకున్నట్టే అవుతుందని అమ్మ భయం. నాకు ఆ వయసులోనే అది తెలిసిపోయింది.

బాగా చీకటి పడ్డాక వచ్చాడు, నడుం దాకా బురదతో, సైకిలు నడిపించుకుంటూ. బట్ట తాన్లకు చుట్టే ప్లాస్టిక్ కాగితంలో గునుగు భద్రంగా కట్టుకొచ్చాడు. నీళ్లు తీసేదాకా ఖాడీ అవతలే నిలబడ్డాడట.

"ఒక్క పువ్వు గూడ తడవలే," అన్నాడు గొప్పగా.

అమ్మకు ఒళ్లు మండింది. "పువ్వు లేకుంటే పండుగ ఆగుతదా ఏందయ్యా? నువ్వు రాకుంటే నేనేం గావాలె?" అని తిట్టి, తిడుతూనే ఏడ్చి, ఏడుస్తూనే గునుగు పేర్చింది.

ఇప్పుడు ఉన్ వైపు ఎటు చూసినా ఇళ్లే. పూల కోసం ఎవరూ వాగు దాటనక్కర్లేదు. అయినా మొన్న వరసలన్నీ పేర్చి, పైన గౌరమ్మను పెట్టకుండా ఆగిపోయాను. హజీరాకు డ్యూటీకి వెళ్లిన కొడుకు ఇంకా ఇల్లు చేరలేదు. పూలన్నీ వచ్చినయి గదా, ఇంకెందుకు ఆగుడని ఫోనులో వాడు నవ్వాడు. నిజమే, పూలు పొద్దున్నే వచ్చేశాయి. గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం మాత్రం నాకు తప్పలేదు.