వాడిన కానుగ మండలు

కాదన్నా, ఆ ఇల్లు కాపాడింది బాల్‌రాజ్ కాదు. పొద్దుటి నుంచి ఫోన్లో మా అన్నతో ఇదే మాట అంటున్నాను. మామిడిపల్లి చివర, గుట్ట కింద, మా మేనత్త వదిలిపోయిన పెంకుటిల్లును బాల్‌రాజ్ అడుగుతున్నాడట. "నాడు మంటల్ల నుంచి కాపాడిండు కదరా, ఆయనకే ఇస్తే ఏం పోతది?" అంటాడు అన్న. విసుగొచ్చి ఫోన్ పెట్టేసి కిటికీ తెరిచాను. పక్క ఖాళీ ప్లాటులో ఎవరో చెత్తకు నిప్పు పెట్టినట్టున్నారు, ఎండుగడ్డి కాలే వాసన గదిలోకి వచ్చింది. ఆ వాసనకు నాకు ముందు అత్త గుర్తుకొస్తుంది, వెనకే బాల్‌రాజ్.

ఎయిర్‌పోర్టులో ఉద్యోగం దొరికినప్పుడు, దగ్గరని అత్త ఇంట్లో దిగాను. ఇంట్లో సిగ్నల్ ఉండేది కాదు. అరుగు మీద నిలబడి ఫోన్ పైకెత్తి పట్టుకుంటే, "ఆకాశంల ఏం ఏరుకుంటున్నవ్ అల్లుడా?" అనేది. ఆమెకు అన్నీ అనుమానమే. గుట్ట దారిలో ఎవరు పోయినా బీడీ ఆర్పాడో లేదో అని వెనకాలే వెళ్లి చూసి వచ్చేది. చలి తగ్గగానే పెంకుల మీద రాలిన ఆకులు ఊడ్పించేది, ఇంటి వెనక ట్రాక్టరుతో వెడల్పుగా దున్నించి, గడ్డిపరక లేకుండా ఎర్రమన్ను తేల్చేది. గుట్ట మీద గడ్డి ఎండితే ఆమెకు కంటి మీద కునుకుండేది కాదు.

బాల్‌రాజ్ ప్లాట్లు అమ్మించే మనిషి. ఇల్లు ఇమ్మని అంతకుముందు అడిగితే అత్త ఇయ్యనంది. అయినా ఒకరోజు పొయ్యిలోకని ట్రాక్టరు నిండా పత్తికట్టె ఊరికే పంపాడు. అందరిళ్లలో పెట్టినట్టే, డ్రైవరు దాన్ని వెనక గోడకు ఆనించి, చూరు దాకా పేర్చిపోయాడు. అత్త దవాఖాన నుంచి వచ్చి చూసింది.

"గీడ ఎవడెయ్యమన్నడు?"

"బాల్‌రాజన్న పంపిండు. మంచికి పంపినా అనుమానమేనా? నువ్వు మనుషుల్ని నమ్మవా అత్తా?"

"మనిషి సంగతి తర్వాత. గుట్ట దిక్కు గోడకు ఎండుకట్టె ఆనిచ్చి నేనెట్ల పండుకోవాలె? ఎత్తు."

"ఇయ్యాల నాకు సెలవు."

"అయితే నీ ఫోను గూడ ఎత్తి ఆ కట్టెల మీదనే పెడ్త."

గొణుక్కుంటూ, తిట్టుకుంటూ, మోపు తర్వాత మోపు మోసి ఇంటి ముందు చెల్కలో, దున్నిన నేల నడుమ పడేశాను. చేతులన్నీ గీరుకుపోయాయి.

కొన్నాళ్లకే మిట్టమధ్యాహ్నం గుట్ట మీద పొగ లేచింది. గాలి మా వైపే ఉంది. అత్త పెంకుల మీదికి బిందెలతో నీళ్లు చల్లింది. నేను తడి గోనెసంచితో, ఎగిరొచ్చి పడిన నిప్పురవ్వలను కొట్టాను. మంట గుట్ట దిగి ఎర్రమన్ను అంచుదాకా వచ్చింది. అక్కడ తినడానికేమీ దొరకక, అంచు వెంబడే పాకి కుంగిపోయింది. అప్పుడు వచ్చాడు బాల్‌రాజ్, చేతినిండా కానుగ మండలతో, ముందు గేటులోంచి పరుగెత్తుతూ. గోనెసంచి పడేసి ఫోటోలు తీస్తున్న నేను ఆయన్నీ తీశాను. ఆరిపోతున్న అంచును నాలుగు బాదులు బాదాడు. ఊరు వచ్చేసరికి ఆయనే హీరో.

అత్త చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన తాగుతూ వెనక గోడ వైపు చూశాడు.

"కట్టెలేవి అక్కా?"

"దూరం పెట్టిన తమ్మీ. అది సరే గాని, మండలు ఎప్పుడు విరిచినవ్? ఆకులు వాడిపోయినయ్."

"మంట సెగకు అక్కా. నీకన్నీ అనుమానాలే."

"ఏం జెయ్యాలె, అట్ల బతకవడితిని" అని నవ్వింది.

ఆయన వెళ్లాక నాతో, "ఆ ఫోటో ఎవ్వనికీ చూపియ్యకు. తుడిచెయ్యకు గూడ" అంది. ఆ సంగతి నన్నూ ఎక్కడా ఎత్తనివ్వలేదు.

ఇప్పుడు అత్త లేదు. నేను ఏ ఇల్లు కిరాయికి చూసినా ముందు వెనక గోడ చూస్తాను. అట్టపెట్టెలు ఆనించి ఉంటే నేనే జరుపుతాను, దోస్తులు నవ్వినా సరే. ఫోన్లు మారాయి, ఆ ఫోటో మాత్రం వెంట వస్తోంది. బాల్‌రాజ్ ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు, మంట ఇంటికి అవతల ఉంది, సెగ అక్కడిదాకా రాదు. అయినా ఆయన చేతిలో ఆకులు అప్పటికే వేలాడిపోయి ఉన్నాయి. సెగకే అంటాడు మా అన్న. మీరు చెప్పండి, పొగ లేవకముందే మండలు విరిచి పెట్టుకున్న మనిషి చేతిలో మీరైతే ఆ ఇంటి తాళం పెడతారా?