ఎర్ర దారం కట్టిన అచ్చు

పక్క వాటాలో ఎవరో గులాబీ పువ్వులు వేస్తున్నారు. వేడి నూనెలో పిండి చుయ్‌మన్న చప్పుడు, దాని వెనకే తీపి వాసన, నా వంటింటి కిటికీలోంచి వస్తున్నాయి. నందిగామలో ఈ అద్దె వాటాకి వచ్చి మూడేళ్లయింది. డిసెంబరు వస్తే చాలు, నా ప్రాణం జగ్గయ్యపేటలో మా పక్కింటి గుమ్మం దగ్గరికి పోయి నిలబడుతుంది. ఆ ఇల్లు కరుణమ్మ టీచరుగారిది.

ఆవిడ మా బడిలో మూడో తరగతి చెప్పేవారు. పెళ్లి చేసుకోలేదు, ఒక్కరే ఉండేవారు. క్రిస్మస్ నెలలో మాత్రం ఆ ఇంట్లో పదిమంది ఉన్నంత హడావుడి. గోడలకు సున్నం, వాకిట్లో కాగితపు నక్షత్రం, రెండు రోజుల పిండివంటలు. పండగనాడు చర్చి నుంచి వచ్చి, తెల్లచీర నలగకుండా కుర్చీలో కూర్చుని, తలుపు బార్లా తెరిచి ఉంచేవారు. వచ్చేవాళ్లు తక్కువ. సాయంత్రం దాకా అలాగే కూర్చునేవారు.

పండగ ముందురోజు మా ఇంటికి పళ్లెం నిండా గులాబీ పువ్వులు తెచ్చేవారు. మా నాయనమ్మ నవ్వుతూ అందుకునేది. ఆవిడ గేటు దాటగానే పళ్లెం నా చేతిలో పెట్టి, "కుడితిలో వెయ్యవే, గేదె తింటుంది. గుడ్డు కలిపి ఉంటారు, మనకు పనికిరావు" అనేది. వేసేదాన్ని. పళ్లెం ఖాళీగా తిరిగివ్వకూడదు కాబట్టి అరటిపళ్లు పెట్టి నాచేతే పంపేది. టీచరుగారు పళ్లు తీసుకుని ఒకే మాట అడిగేవారు.

"నువ్వు తిన్నావా?"

"తిన్నానండి. బాగున్నాయండి."

నా మొహంలోకి కాసేపు చూసి తల ఊపేవారు. క్లాసులోనూ అంతే. అబద్ధం చెప్పిన పిల్లని ఒక్కసారి అడిగి ఊరుకునేవారు. ఇప్పుడు నేనూ టీచరునే, నేనూ అలాగే ఊరుకుంటాను. అది ఎంత పెద్ద శిక్షో నాకు తెలుసు.

పదో తరగతిలో ఉండగా సాయానికి రమ్మన్నారు. పొయ్యి దగ్గర రెండు ఇనప అచ్చులున్నాయి. ఒకదాని కాడకి ఎర్ర దారం కట్టి ఉంది.

"ఎర్ర దారం ఉన్నది మీ ఇంటిది," అన్నారు.

"మా ఇంటిదాండి?"

"మీవాళ్లు గుడ్డు ముట్టరు కదమ్మా. మీకు పిండి వేరు, మూకుడు వేరు. నూనె తాజాగా ఉన్నప్పుడే ముందు మీవి వేస్తా. మొదట్నుంచీ అంతే."

ఆ అచ్చు నా చేతికిచ్చారు. పిండిలో ముంచి నూనెలో దించాను. పువ్వు అచ్చుకే పట్టుకుంది. విదిలించబోయాను.

"తొందరపడకు. అదే ఊడొస్తుంది."

ఇంటికొచ్చి, "నాయనమ్మా, మనవాటిల్లో గుడ్డు ఉండదట. వేరేగా చేస్తారట" అన్నాను. నాయనమ్మ వత్తులు చేసుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"తెలుసులేవే," అంది.

ఆ సాయంత్రం కూడా పళ్లెం వచ్చింది. ఆ సాయంత్రం కూడా కుడితిలో వేశాను. చాటుగా ఒకటి తింటే ఎవరు చూడొచ్చారు? నాకు ధైర్యం లేదు, అంతే. నాయనమ్మ మీద కన్నా నా మీదే నాకు కోపం. టీచరుగారు మామూలుగా అడిగారు. "తిన్నానండి" అన్నాను. బాగున్నాయని మాత్రం అనలేకపోయాను.

తర్వాత చదువులు, ఉద్యోగం. టీచరుగారు పోయిన సంగతి నాకు నెల తర్వాత తెలిసింది. నేను ఇంటికి వెళ్లిన రోజున, పెనుగంచిప్రోలులో ఉండే వాళ్ల తమ్ముడి కూతురు ఇల్లు ఖాళీ చేస్తూ మా గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఎర్ర దారం కట్టిన అచ్చు.

"ఇది మీ ఇంటిదంటండి. మర్చిపోకుండా మీకే ఇవ్వమని మా అత్తయ్య మరీ మరీ చెప్పింది. ఎప్పుడో మీ దగ్గర అడిగి తీసుకున్నట్టుంది."

కాదని ఎలా చెప్పను? "మాదేనండి" అని తీసుకున్నాను.

పక్క వాటాలో చప్పుడు ఆగింది. ఉండబట్టలేక నేనూ మూకుడు పెట్టాను. గుడ్డు లేని పిండి, ఒక్క మనిషికి సరిపడా. మొదటి పువ్వు అచ్చుకే పట్టుకుంది. విదిలించలేదు, అలాగే పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి అదే ఊడొచ్చింది. వేడివేడిగా పొయ్యి దగ్గరే నిలబడి మొత్తం తిన్నాను.

"తిన్నానండి," అన్నాను పైకే. "బాగున్నాయండి."

వంటింట్లో ఎవరూ లేరు.