పల్లంలో నాటిన ద్రాక్ష

2012 ఏప్రిల్ 28, శనివారం. హాజరైనవారు: నేను, మా అమ్మాయి, అల్లుడు, అల్లుడి స్నేహితుడు, అతని భార్య. మధ్యాహ్నం మూడు గంటలకు ఆకాశంలో మబ్బు లేదు. గాలి లేదు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలైంది. ఎక్కడికి వెళ్లినా ముందు ఎవరెవరు ఉన్నారో రాసుకోవడం ఉద్యోగంలో అబ్బిన అలవాటు. వ్యవసాయ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం భూసార పరీక్షా కేంద్రంలోనే గడిచింది.

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని షాంటిలీలో మా అమ్మాయి ఇంటి నుంచి పడమరగా గంటన్నర కారులో వెళితే కొండల మధ్య ఆ పొలం వస్తుంది. అది అల్లుడి స్నేహితుడిది. వాళ్లిద్దరూ వరంగల్‌లో ఇంజనీరింగ్ కలిసి చదువుకున్నారు. అతను ఆ ఊరివాడే. అతని భార్యది గుంటూరు. గ్రీన్ కార్డ్ వచ్చాక అతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ద్రాక్షతోటలోనే ఉండిపోయాడు. ఫ్రాన్స్‌లో బర్గండీ అనే ప్రాంతం ఉంది. అక్కడి వైన్ లాంటిది వర్జీనియాలో తియ్యాలని అతని కోరిక. నిరుడు మొదటిసారి కాసిన కొద్ది కాయ వానలకు తీగ మీదే కుళ్లింది. ఈ ఏడు కూడా పంట రాకపోతే పొలం అమ్మేసి మళ్లీ ఉద్యోగంలో చేరాలని భార్యాభర్తలు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

ఆ శనివారం మేము వెళ్లింది సాయం చెయ్యడానికి. తెల్లవారుజామున ఫ్రాస్ట్ పడుతుందని, అంటే నేల మీద మంచు గడ్డకడుతుందని, రేడియోలో చెప్పారు. తీగలకు అప్పటికే జానెడు లేత చిగుళ్లు వచ్చాయి. పూత మొగ్గలు ఉండేది వాటిలోనే. అవి మాడితే రెండోసారి చిగురు వస్తుంది గాని దానికి కాయ సరిగా పట్టదు. మంటలు వెయ్యడానికి సాళ్ల చివర గడ్డి మోపులు పేర్చాము. నేనూ నాలుగు మోశాను.

మోస్తున్నంతసేపూ ఆ చోటు వైపు సంతోషంగానే చూశాను. అది నేను ఎంచిన చోటు. 2008 అక్టోబరులో, తోట వెయ్యకముందు, అతను నన్ను తీసుకెళ్లి పొలమంతా చూపించాడు. పైన రాళ్లు తేలిన ఏటవాలు, కింద వాగు పక్కన మూడెకరాల చదును. మా శాఖ పద్ధతిలో ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో జానెడు లోతు గుంటలు తీసి, పదిహేను చోట్ల మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి పరీక్షకు పంపించాను. కింది మట్టి బంగారంలా ఉందని రిపోర్టు వచ్చింది. నేను డెల్టాలో పుట్టినవాణ్ణి. మా వైపు పల్లమంటే పంట, మెరక అంటే పశువుల బీడు. పక్క పొలంలో గొర్రెలు పెంచే ముసలాయన ఒకరోజు గట్టు మీద నిలబడి పై ఏటవాలు వైపు చెయ్యి చూపిస్తూ ఏదో చెప్పబోయాడు. “ఆయనకు గొర్రెల సంగతి తెలుసేమో, మట్టి సంగతి నాకు తెలుసు” అన్నాను.

నాలుగున్నరకు పని ముగించి వరండాలో టీ తాగుతున్నాము. అతను కిందటి శరదృతువులో బర్గండీ వెళ్లి రెండు వారాలు ద్రాక్ష కోతల్లో పనిచేసి వచ్చాడు. మా అల్లుడు ఆ మాట ఎత్తాడు.

“ఏరా, అంత దూరం పోయి బుట్టలు మోసొచ్చావు. ఏం నేర్చుకున్నావు? నడుంనొప్పేనా?”

“నడుంనొప్పి ఫస్ట్. తర్వాత భూమి.” అతను పకోడీల పళ్లెం ఒక పక్కకు ఎత్తి పట్టుకున్నాడు. “గిట్ల ఉంటది కొండ. సన్నగ, పొడుగ్గ, తూర్పుకు మొఖం పెట్టి. పొద్దుగాల ఎండ సీదా పడతది. పైన అంత రాయి. నడిమిట్ల సున్నపురాయి, బంకమట్టి కలిసి ఉంటయ్. పేరున్న తోటలన్నీ గా నడిమి పట్టీలనే. ఎర్ర వైన్‌కు ద్రాక్ష అంతట ఒక్కటే, పినో నువార్. అయినా తోట గోడకు ఇవతల ఒక రుచి, అవతల ఇంకో రుచి.”

“అదెలా?” అంది మా అమ్మాయి.

“నీళ్లు నిలవయ్ అక్కడ. చెట్టు రాళ్ల సందుల్లకు వేరు తోలాలె. కష్టపడ్డ చెట్టుకే చిన్న కాయ, చిక్కటి రసం. ఆ పైన ఆ ఏడు వాన, ఎండ ఎట్లుంటే వైన్ అట్ల.”

“మరి కింద?”

“కింద మైదానం. లోతు మట్టి, మస్తు బలం. ఆకు ఏపుగ వస్తది, కాయల నీళ్లే. దాన్ని మామూలు వైన్ల కలుపుతరు. చలిగాలి గూడ నీళ్ల లెక్కనే, పల్లానికి జారుతది. ఫ్రాస్ట్ ముందు అక్కడనే పడతది.”

మా అల్లుడు పకపకా నవ్వాడు. “ఇన్ని తెలిసి కిందెందుకు వేశావురా, బుద్ధిమంతుడా?”

అతను పళ్లెం కింద పెట్టాడు. జవాబు అతని భార్య చెప్పింది.

“ఆ మాట ఆయన్ని అడక్కండి అన్నయ్యా. అంకుల్‌గారు ఇక్కడే ఉన్నారుగా.”

“ఊకో నువ్వు” అన్నాడతను.

“ఎందుకు ఊరుకోవాలి? ఆరు నెలల నుంచి ఊరుకున్నాగా. పెద్దాయనకి చెప్తే బాధపడతారంట. మరి మనం పడేది ఏందంట?”

మా అమ్మాయి నా వైపు చూసి తల దించుకుంది. జానెడు లోతు మట్టి వరికి, వేరుశనగకు చాలు. నలభై ఏళ్లు బతికే ద్రాక్షతీగకు ఆ కింద ఏముందో నేను చూడనే లేదు. నిరుడు కాయ కుళ్లినప్పుడు కూడా వానలను తిట్టానే గాని, నీరు ఎందుకు దిగడం లేదని ఆలోచించలేదు.

“తప్పు నాదేనమ్మా” అన్నాను.

“మీరు చెప్పిన్రు, నేను నాటిన” అన్నాడతను. “ఇంకొకరిని అడిగినానా? అడగలె. మట్టి మీద జీవితం పెట్టినాయన చెప్పిండు, మళ్ల ఇంకెవర్ని అడుగుతం అనుకున్న. ఫ్రాన్స్ పోయినంక తెలిసింది. తెలిసినంక మీకు చెప్పి ఏం లాభం అంకుల్? పీకి పైన నాటుతే మళ్ల మూడేండ్లు.”

అతను నన్ను నిందించి ఉంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేది. అతని భార్య పళ్లాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆమె నాకు అన్నం వడ్డించి, పెరుగు గిన్నె ముందు పెట్టి వంటింట్లోకి నడిచింది. మేము అక్కడే పడుకున్నాము.

మర్నాడు ఆదివారం. అయిదున్నరకు థర్మామీటరు పట్టుకుని బయటికి వచ్చాను. మంటలు నాలుగింటికే వేశారు. పొగ పైకి లేవకుండా చదును మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. పై ఏటవాలు మీద ఫారన్‌హీట్‌లో ముప్పై ఆరు డిగ్రీలు. అక్కడ రాళ్ల మధ్య అడవి తీగల ఆకులు తడిగా, పచ్చగా ఉన్నాయి. అడుగు అడుగుకూ చలి పెరుగుతుండగా కిందికి దిగాను. వాగు పక్కన ఇరవై ఏడు. నీళ్లు గడ్డకట్టే ముప్పై రెండుకు అయిదు తక్కువ. మూడెకరాల్లో ప్రతి చిగురూ తెల్లగా, నిటారుగా నిలబడి ఉంది. చూడ్డానికి చాలా అందంగా ఉందని రాయక తప్పదు.

ఎండ తగిలాక అవి వాడడం మొదలుపెట్టాయి. తొమ్మిది గంటలకు ఉడికించిన ఆకుకూరలా వేలాడాయి. పదికల్లా నల్లబడ్డాయి. అతని భార్య ఒక సాలు మొదటి నుంచి చివరిదాకా నడుస్తూ ప్రతి తీగనూ పట్టుకుని చూసింది. రెండో సాలులోకి వెళ్లలేదు.

“ఇక చాలు” అంది భర్తతో. “ఎవర్నీ ఏమీ అనను. చాలు అంతే.”

అతను వరండా మెట్టు మీద కూర్చుని ఫోన్‌లో పాత మేనేజర్‌కి మెయిల్ రాశాడు. ఆమె వెనక నిలబడి చదివి, ఒక వాక్యం తీసెయ్యమంది. తీసేశాడు. పంపించి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గడ్డి మోపులు ఇంకా రాజుకుంటూనే ఉన్నాయి. వాటి మీద నీళ్లు పొయ్యడానికి బకెట్ తీసుకుని కిందికి నడిచాడు. నేనూ ఇంకో బకెట్ అందుకోబోయాను.

“వద్దు అంకుల్, మీరు కూర్చోండి” అన్నాడు.