ఐరేని కుండల లైటు

నా పెళ్లిచూపులు ఎలా బుగ్గిపాలయ్యాయో చెబుతాను, తీరిగ్గా నవ్వుకోండి. పిల్ల నన్ను కాదనలేదు, నేను పిల్లను కాదనలేదు. మధ్యలో ఒక లైటు అడ్డం వచ్చింది. ఆ లైటు చేసిన తెలివైనవాణ్ణి నేనే కాబట్టి ఇంకెవరి మీదా తోసేయడానికి లేదు.

మాది కొల్లాపూర్. పాత సామాను కనిపిస్తే నా చేతులు ఊరుకోవు. ఇత్తడి జల్లెడకు బల్బు పెట్టాను, బండి చక్రానికి బల్బు పెట్టాను. కాసేపు కదలకుండా కూర్చుంటే తనకూ పెడతానేమోనని మా అవ్వ భయపడేది. మక్తల్ నుంచి పిల్ల తరఫువాళ్లు వస్తున్నారనగానే, వాళ్లు నోరెళ్లబెట్టే లైటు ఒకటి చేయాలనుకున్నాను. ఫోటో చూసినప్పటి నుంచి ఆ పిల్ల మీద మనసు పడ్డాను మరి.

కుమ్మరి నర్సయ్య కాక దగ్గరికి పోయి ఐరేని కుండలు అడిగాను. మా దిక్కు పెళ్లివాళ్లు డప్పులతో పోయి తెచ్చుకునే రంగుల కుండలవి. పెళ్లి తంతు ముగిసేదాకా వాటి దగ్గర దీపం కొండెక్కకూడదు.

"పెండ్లెవరిది బిడ్డా?" అన్నాడు కాక.

"ఎవ్వరిది కాదు కాకా, లైటుకు."

కాక నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూశాడు.

కుండలకు చిల్లులు పొడిచి, ఒకదాని మీద ఒకటి ఇనుప కడ్డీకి గుచ్చి, లోపల బల్బులు వేశాను. వాళ్లు వచ్చే వేళకు వెలిగించి పెడితే నిజంగానే చాలా బాగుంది. పిల్ల తండ్రి గడపలోనే ఆగిపోయి దాన్నే చూస్తుంటే మురిసిపోయాను.

"గీ ఇంట్ల పెండ్లెవరిదే?" అన్నాడాయన.

"మావోనిదే!" అన్నాడు బాపు సంబరంగా.

"అంటే ఇంకో పిల్లతోని ఖాయం చేస్కొని మమ్ముల పిలిచిన్రా?"

"గట్ల కాదు మామా! గది ఉత్త లైటు," అంటూ ఉరికాను.

"ఐరేని ఇంట్ల పెట్టుకొని ఉత్తదంటవా?"

"జర చూడుండ్రి!" అని, నిజం తేలిపోవాలని స్విచ్ టక్కున నొక్కాను.

కుండలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. లోపల అవ్వ నెత్తి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"పెండ్లి లేదంటే నమ్ముతున్న," అన్నాడాయన చెప్పులేసుకుంటూ. "గని ఐరేని దీపం చేతులార ఆర్పినోనికి నా బిడ్డనెట్లిస్త?"

సిగ్గుతో చచ్చిపోయాను. చాలా రోజులు అన్నం సహించలేదు.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికున్నంతకాలం నా చేత్తో ఏ లైటూ ఆర్పను. ఇప్పుడు మా వాడలో కరెంటు పోయినా సరే, అందరికంటే ముందు బయటికొచ్చి "నేను కాదు" అని చెబుతున్నాను.