ఆఖరి అధ్యాయం ఇవ్వని మామ్మ

నా చిన్నప్పుడు మా పక్కింటి మామ్మ విసిగించినంతగా నన్ను ఇంకెవరూ విసిగించలేదు. నాన్నగారికి కార్ల కంపెనీలో ఉద్యోగం కాబట్టి మేము అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆవిడ అమెరికనావిడే అయినా మాకు మామ్మే. వయసులో ఉండగా ఏటా ఒక డిటెక్టివ్ నవల రాసి పేరు తెచ్చుకున్నారట. నాకు ఊహ తెలిసేసరికి ఆ పుస్తకాలు ఏ షాపులోనూ దొరికేవి కావు. భర్త పోయారు, పిల్లలు లేరు. అయినా రోజూ పొద్దున్నే టైప్‌రైటర్ ముందు కూర్చునేవారు. ఇంకా ఎవరి కోసమని అడిగితే, హంతకుణ్ణి సగంలో వదిలేస్తే తనకు అన్నం సయించదనేవారు.

స్కూల్ నుంచి రాగానే నేను వాళ్ళింట్లో వాలేదాన్ని. ఆవిడ తన నవలలు చదవమని ఇచ్చేవారు, కాని ఆఖరి అధ్యాయాన్ని బ్లేడుతో కోసి తన దగ్గరే ఉంచుకునేవారు. దోషి ఎవరో నేను చెబితేనే ఆ పేజీలు ఇస్తారట. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక నవలలో తోటమాలి అని చెప్పాను. వాడు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు మరి.

"అది చూశావా, అనుకున్నావా?" అని మామ్మ పుస్తకం మళ్ళీ నా చేతిలో పెట్టారు.

ఆవిడకీ నా మీద విసుగే. డిటెక్టివ్‌కి తెలిసినదంతా చదివేవాళ్ళకీ చెప్పి తీరాలని ఆవిడ నియమం. ఏదీ దాచుకోకుండా ఆధారాలన్నీ కళ్ళెదుట పెడితే, జనం వాటిని వదిలేసి ముఖం నచ్చనివాడి మీద పడతారని ఆవిడ జీవితకాలపు బాధ.

ఒక చలికాలం శనివారం మా ఇంటికి చాలామంది భోజనానికి వచ్చారు. వాళ్ళు వెళ్ళాక చూసుకుంటే అమ్మ మెడలో నల్లపూసలు లేవు. ఇల్లంతా వెతికాం. మర్నాటికి అమ్మ అనుమానం కొత్తగా వచ్చిన ఒక ఆంటీ మీదికి పోయింది. పాపం, వాళ్ళాయనకు జాబ్ పోయి వీసా గొడవలో ఉన్నారు.

"వంటింట్లో నాతో చివరిదాకా ఉన్నది ఆ అమ్మాయే. అందరికీ ఫోన్ చేసి జాగ్రత్తగా ఉండమని చెప్పాలి," అంటూ అమ్మ ఫోన్ అందుకుంది.

ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళే కొద్దిమంది. ఆ మాట బయటికి పోతే ఆ కుటుంబానికి తలుపు తీసేవాళ్ళు ఉండరు.

"అమ్మా, ఆంటీ తీయడం చూశావా, అనుకుంటున్నావా?" అన్నాను.

"నీకేం తెలుసే? వెళ్ళి హోంవర్క్ చేసుకో."

నేను కదల్లేదు. నల్లపూసలు చివరిసారి మెడలో ఎప్పుడు చూసుకున్నావని అడిగాను. అమ్మ విసుక్కుంటూనే చెప్పింది. బజ్జీలు మొదలుపెట్టేటప్పుడు ఉన్నాయి. తర్వాత స్టవ్ దగ్గర ఉక్కగా ఉంటే స్వెటర్ తల మీంచి లాగేసింది. అంతవరకూ చెప్పి ఆగిపోయింది. ఫోన్ పెట్టేసి బేస్‌మెంట్‌లోకి వెళ్ళింది. ఉతకాల్సిన బట్టల బుట్టలో, ఆ స్వెటర్ ఊలులో చిక్కుకుని ఉన్నాయి నల్లపూసలు. సాయంత్రం అమ్మ ఆ ఆంటీకే ఫోన్ చేసి, వచ్చే వారం ఇద్దరూ భోజనానికి రావాలంది.

మామ్మకి చెబితే పొగడ్త ఏమీ రాలేదు. "అయితే ఇక ఆ తోటమాలిని కూడా వదిలెయ్," అన్నారు.

ఇప్పుడు నాకు మనవలు. వాట్సాప్‌లో ఎవరి గురించి ఏం వచ్చినా మా ఇంట్లో క్షణంలో తీర్పు చెప్పేస్తారు. చూశారా అని నేను అడిగితే అందరికీ నా మీద చిరాకు, నాకు వాళ్ళ మీద చిరాకు. ఆ శనివారం సంగతి ఆంటీకి ఈనాటికీ తెలియదు. అమ్మ చివరి రోజుల్లో హాస్పిటల్‌లో పక్కన కూర్చుని, పెరుగన్నం మెత్తగా కలిపి తినిపించింది ఆవిడే. ఎవరినైనా ఏదైనా అనబోయినప్పుడల్లా నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది.